ఎవరి యెంగిలి?

తిరుపతి పట్టణమున మాకు చిరపరిచితుడగు గృహస్థుడొకడు కలడు. విద్యావంతుడు, సరసుడు, సంఘసంస్కరణమును గూర్చి సభలో మాటాడుమన్న వెనుదీయనివాడు. గడచిన వేసవిలో మేము తిరుమలకు పోవుచు వారి యింట నొక పూట దిగితిమి. భోజనమైన తరువాత ఆయన మమ్ము మేడమీది గదికి గొనిపోయి, అద్దపు బీరువా తెరచి, తాను కూడబెట్టిన పైపులను చూపెను. పొగాకు కూరి, నోట కఱచి పట్టి పీల్చెడి కొయ్య పైపులు, మొత్తము పదునాలుగు. వానిలో నొక్కటియు క్రొత్తది కాదు. అన్నియు సీమలో ఎవరెవరో యేండ్లతరబడి త్రాగి విడిచినవే. ఒకదానిని మా చేతికిచ్చి, కాడమీది చిన్న పల్లములను వ్రేలితో తడిమి చూడుడనెను. అవి పూర్వపు యజమానుని పంటి గాట్లట. "ఇవి ఉంటేనేనండీ దీని అందం" అని ఆయన మురిసెను.

అప్పుడే క్రింద వాకిటిలో కారు కడుగుచున్న కుర్రవాడు, "అమ్మా, కొంచెం నీళ్లు పొయ్యమ్మా" అని పిలిచెను. మేడ కిటికీనుండి మాకంతయు కనబడుచున్నది. ప్రహరీగోడ మూలను బోర్లించియున్న స్టీలు గ్లాసును అతడే తీసికొనెను. ఇల్లాలు చెంబెత్తి, గ్లాసునకు తగులకుండ పైనుండి పోసెను. అతడు త్రాగి, కడిగి, గ్లాసును మరల గోడమీదనే బోర్లించి తన పనిలో పడెను. ఎవరును ఎవరిని ఏమియు ననలేదు. అనవలసిన మాటలన్నియు ఎన్నడో అయిపోయినట్లుండెను.

మేము చేతిలోని పైపును బల్లమీద పెట్టితిమి.

ఈ వర్తకము నెఱుగని చదువరుల కొఱకు రెండు మాటలు వ్రాయవలసియున్నది. వాడిన పైపులకు పాశ్చాత్యదేశములలో "ఎస్టేటు పైపులు" అని పేరు. ఎస్టేటు అనగా చనిపోయినవాడు విడిచిన సొత్తు. బ్రతికియున్నవా డమ్మిన దానికి గూడ ఆ పేరే వాడుకలో నిలిచినది గాని, పేరు పుట్టినది మాత్రము మృతుని పెట్టెనుండియే. మంచి పైపును మధ్యధరాసముద్ర ప్రాంతమున పెరుగు బ్రయరు అను పొద యొక్క వేరుబుడిపెనుండి చెక్కుదురు. ఆ పనికి ఫ్రాన్సు దేశమునందలి సేంట్ క్లోడ్ పట్టణము పేరు పొందినది. కాడమీద తెల్లని చుక్క యున్నచో అది లండను డన్‌హిల్ వారిదని గుర్తు. వెంటనే వెల పెరుగును. టర్కీ దేశపు మీర్‌షామ్ అను తెల్లని మెత్తరాతితో చేసినవి మఱియొక తెగ. ఆ రాయి పొగ త్రాగగా త్రాగగా తెలుపు విడిచి, తేనెరంగునకును, ఆపై గోధుమవన్నెకును తిరుగును. వాడిన మీర్‌షామ్ పైపును ఏరి కొనువారు మెచ్చి ధనము పోయునది ఆ రంగునకే. ఆ రంగేమి? ఎవడో పరాయివాడు పీల్చిన పొగయొక్క జిగట రాతిలో ఇంకి నిలిచిన మఱక.

ఇట్టి వస్తువులు నేడు సీమనుండి తపాలాలో మన యూళ్లకు వచ్చుచున్నవి. మనవారు కొనుచున్నారు, కొన్నదానిని మెఱుగు పెట్టి మఱియొకరికి లాభమునకు అమ్ముచున్నారు.

పాత వస్తువు కొనుట తప్పని మేము చెప్పబోము. పాత పుస్తకములు కొనియే మేము చదువుకొంటిమి. పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చువాడు వీథిలో కేక వేసిన, బేరమాడని గృహిణి మన దేశమున లేదు. ఒకరికి పనికిరానిది మఱియొకరికి పనికివచ్చుట లోకమునకు మేలే. అయినను మన యిండ్లలో దీని కొక హద్దు కలదు. చనిపోయినవాని పరుపును ఇంట నుంచుకొనము; వాని కట్టుబట్టలను ఇచ్చివేయుదుము. కన్నతండ్రి పరుపును వాకిటికి గెంటిన చేతులే, పేరైనను తెలియని పరాయి మృతుని నోటి కాడను పట్టుబట్టలో చుట్టి బీరువాలో దాచుచున్నవి.

మా మిత్రునితో ఇంత కటువుగా గాకపోయినను ఈ మాటయే అంటిమి. ఆయన నవ్వి, "అది శుభ్రం చేసిందే లేండి" అనెను. శుభ్రముచేయు విధానమును గూడ ఓపికతో వివరించెను. గిన్నెలో పేరుకొన్న మసిపెచ్చును కత్తివంటి పనిముట్టుతో గీకుదురు. తరువాత గిన్నెనిండ ఉప్పో దూదియో కూరి, సారాయి స్పిరిటు పోసి రాత్రియంతయు నుంతురు. తెల్లవారుసరికి ఉప్పు గోధుమరంగున దిగును. కాడలోనికి నూలుపోగులు చుట్టిన తీగను దూర్చి, అది తెల్లగా వెలికివచ్చువఱకు లాగుదురు. ఎబొనైటుతో చేసిన కాడ వెలుతురు తగిలి పచ్చబాఱును గావున సన్నని గరుకుకాగితముతో రుద్దుదురు. ఇంత చేసినను బ్రయరు కొయ్య సూక్ష్మరంధ్రములు గలది. మొదటివాని పొగాకు వాసన ఒక్కొకప్పుడు పోనే పోదు. ఈ సంగతియు ఆయనయే చెప్పెను, దాచలేదు; వర్తకులును దాచరు.

చదువరులారా, ఇచట నొకింత ఆగుడు. పీల్చుకొనెడి కొయ్య, అందులో నలువది యేండ్ల పరాయి యుమ్మి, పరాయి పొగ. అది ఒక రాత్రి ఉప్పుతో శుభ్రమైనదని ఈ గృహస్థుడు నమ్మగలడు. నమ్మి, నోట పెట్టుకొనగలడు. ప్రహరీమీది గ్లాసు దేనితో చేసినది? స్టీలుతో. అది దేనిని పీల్చుకొనదు. దానికి రంధ్రములు లేవు. చిటికెడు సబ్బుపొడి, చెంబెడు నీళ్లు చాలును. లోకమున గల పాత్రలలో దానికంటె సులువుగా శుభ్రపడునది గాజుపాత్ర యొక్కటియే యేమో. అట్టి గ్లాసు ఎన్ని మాఱులు తోమినను ఇంటిలోనికి రాదగినంత శుభ్రము గాలేదు!

కాబట్టి ఎంగిలి యన్నది ఉమ్మిని గూర్చిన మాట కానే కాదు. ఉమ్మియే కారణమైనచో కొయ్యకు నియమము కఠినముగను స్టీలునకు సడలింపుగను ఉండవలెను. ఉన్నది తలక్రిందులుగా నున్నది. ఆరోగ్యసూత్రమని ఈ యాచారమును సమర్థించువారు మనలో నేటికిని కలరు. పూర్వులు సూక్ష్మజీవుల సంగతి ముందే గ్రహించిరని ఉపన్యసించుదురు. సూక్ష్మజీవులు సీమనుండి తపాలాలో వచ్చిన తోడనే మర్యాద నేర్చునా? ఎంగిలి నోటిని బట్టి గాదు, నోరుగలవాని పుట్టువును బట్టియు వాని ధనమును బట్టియు నిర్ణయింపబడుచున్నది. ఆయన బీరువాయే మాకు సాక్ష్యము.

పొగకును కులమునకును గల చుట్టఱికము నిన్న మొన్నటిది గాదు. పొగాకు అమెరికానుండి పోర్చుగీసువారి వెంట మన దేశమునకు దిగిన ద్రవ్యము. 1604 ప్రాంతమున అసద్ బేగ్ అను నుద్యోగి బిజాపురమునుండి రత్నములు పొదిగిన పొగగొట్టమును దెచ్చి అక్బరు చక్రవర్తికి సమర్పింపగా, తెలియని వస్తువని ఆస్థానవైద్యుడు అడ్డుపడెనట. అటుపిమ్మట కొలది కాలముననే ఉత్తరదేశపు పల్లెలలో ఒకనిని కులమునుండి వెలివేయుటకు "హుక్కా, నీళ్లు బందు" అనుటయే మాటయైనది. ఎవనితో కలిసి పొగ పీల్తువో, ఎవని చేతి నీళ్లు త్రాగుదువో వాడే నీవాడు. మన పల్లెలలో హుక్కా అంతగా లేదు, చుట్ట కలదు. చుట్ట వెలిగించుకొనుటకు నిప్పు అడిగిన ఎవనికైనను ఇత్తురు. చుట్టను మాత్రము ఈయరు. నిప్పునకు ఎంగిలి లేదు గదా!

చుట్ట మాట వచ్చినది గనుక ప్రాసంగికముగా నొక్కటి. ఉత్తరాంధ్రమున కూలినాలి చేసికొను స్త్రీలు నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని అడ్డపొగ త్రాగుదురు. శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి, అంగిటిలో ఆ యలవాటు చేయు చేటును వైద్యులు 1971లో ప్రకటించిరి. ఆ స్త్రీని చూచి మన విద్యావంతుడు అనాగరికమని ముఖము త్రిప్పుకొనును. తన చేతిలోనిదానికి అభిరుచి యని పేరిడును. పైపు పొగయు పెదవికిని, నాలుకకును, గొంతునకును పుండు తెచ్చుటలో చుట్టకు తీసిపోదు. 2003 నాటి పొగాకు చట్టము పైపులో కూరు పొగాకును తన పట్టికలో చేర్చినది. ఒట్టి పైపు అందులో లేదు. కావున పొగాకు డబ్బాపై నుండు భయంకరమైన బొమ్మ దీనిపై నుండదు. దీనిపై నుండునది తెల్లచుక్క.

మా మిత్రుని రెండవ సమాధానము మొదటిదానికంటె మమ్ము బాధించినది. "నాకేమీ పట్టింపు లేదండీ, ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోరు" అనెను. ఈ మాటను మేము ఎన్ని యిండ్లలో వింటిమో లెక్కలేదు. సంస్కరణము మగవాని నోటను, ఆచారము ఆడుదాని చేతను పెట్టి, ఇద్దఱి నడుమను తాను నిర్దోషిగా నిలుచుట మన విద్యావంతులకు అలవాటైన చమత్కారము. మేడమీది గదిలో పొగవాసన ఆ యిల్లాలికి సరిపడదని మాకు తెలియును. ఆమెయే మాతో చెప్పినది. ఆమె ఒప్పుకొనకుండగనే పదునాలుగు పైపులు వచ్చినవి. ఆమె ఒప్పుకొనకుండగనే వానికై వేలకు వేలు వెచ్చింపబడినవి. ఒక్క స్టీలు గ్లాసు గోడ దిగి వంటింటికి వచ్చుటకు మాత్రము ఆమె యంగీకారము కావలసివచ్చినదా? మా చదువరులలో గృహిణులు పెక్కురు. తమ పేరు చెప్పి మగవారు తప్పించుకొను ఈ త్రోవను వారే మూసివేయుదురు గాక. ఆ గ్లాసును లోనికి దెచ్చుటకు ఎవరి సెలవును అక్కఱలేదు.

మఱునాటి యుదయమున ఆయన కారులోనే కొండకు బయలుదేరితిమి. పైపును ఇంటనే విడిచెను. తిరుమలపై పొగాకు, మద్యము, మాంసము నిషిద్ధములు. అలిపిరిలో బండ్లను సోదా చేయక పైకి విడువరు. స్వామి కొండపై కూడనిది తన బీరువాలో ఎట్లు కూడెనని మేమడుగలేదు; ఆ తగవు వేఱు. దర్శనమైన పిదప మధ్యాహ్నము తరిగొండ వెంగమాంబ పేరిట 2011లో తెరచిన అన్నప్రసాద భవనమునకు పోయితిమి. భర్త పోయినను తల గొఱిగించుకొనుటకు ఒప్పుకొనక ఊరిపెద్దల నెదిరించిన కవయిత్రి పేర ఆ సత్రము వెలయుట మాకెప్పుడును సంతోషమే. 1985లో మొదలైన ఈ నిత్యాన్నదానమున నీదే కులమని యడుగువాడు లేడు. వచ్చినవాడు వచ్చినచోట కూర్చుండవలెను. ఆ జనసమ్మర్దములో కుర్రవాడు ఆయన ప్రక్కనే పడెను. మోచేయి మోచేయి తగులుచుండగా ఇద్దఱును తినిరి. ఆకు ఎవరి యాకు వారిదే, నిజమే. అయినను పంక్తి ఒక్కటి. పూర్వమైనచో ఆ పంక్తికే ప్రాయశ్చిత్తము చెప్పియుందురు. ఆయన ముఖమున చీకాకు ఇంచుకయు లేదు. కుర్రవానిని "ఇంకొంచెం పెట్టించుకోరా" అని బలవంతము గూడ చేసెను.

ఆ కొండమీదనే మఱియొక వింత కలదు. ఇంట అన్నములో వెండ్రుక కనబడిన విస్తరినుండి లేచువారము; క్షౌరము చేయించుకొన్నవాడు స్నానము చేయక లోనికి రారాదు. కల్యాణకట్టలో రాలిన ఆ వెండ్రుకలనే దేవస్థానమువారు ప్రోగుచేసి, పొడవును బట్టి వేఱుపఱచి, వేలము వేయుదురు. కోట్ల రూకలు వచ్చును. సవరములై, టోపీజుట్టులై దేశాంతరముల తలల కెక్కును. ఏ కులమువాని తలయో అచట ఎవరును విచారింపరు. వెల పలికిన తోడనే మైల పోవుననుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను? గోడమీది గ్లాసునకు వెల పలుకలేదు. అందుచేత దాని మైల పోలేదు.

అంటును మైలయు నేరముగా గణింపబడిన దినములు ఈ ప్రాంతమునకు బాగుగా తెలియును. 1925లో తిరుపతి ప్రక్కనే యున్న తిరుచానూరు ఆలయమున ప్రవేశించిన పంచముడొకడు ఆలయమును మైలపఱచెనను నేరమున క్రింది న్యాయస్థానమున శిక్షింపబడెను. సహాయనిరాకరణ వ్రతము పట్టి న్యాయవాదవృత్తిని విడిచియున్న రాజగోపాలాచారిగారు ఆ వ్రతమును ప్రక్కకు నెట్టి చిత్తూరున అతని పక్షమున నిలిచి విడిపించిరి. 1950లో రాజ్యాంగపు 17వ యధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. 1955 నాటి చట్టము, 1976నుండి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పిలువబడునది, హోటలులోని పాత్రలను ఒకనికిచ్చి మఱియొకనికి ఈయకుండుటను శిక్షార్హము చేసెను. అయినను పల్లెల టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి ఆ తరువాత ఎన్నో యేండ్లు సాగినది. ఇక ఇంటి ప్రహరీగోడ హోటలు గాదు. అచటికి పోలీసు రాడు, రాజగోపాలాచారియు రాడు. అచట సంస్కర్త యన్నవాడు ఇంటివాడే కావలెను.

కొండ దిగివచ్చుసరికి సాయంకాలమైనది. ఎండలో ఘాటురోడ్డు మలుపులన్నియు త్రిప్పి అలసిన కుర్రవాడు కారు నిలిపి, చేతులు దులుపుకొని, తిన్నగా గోడ మూలకు పోయెను. మధ్యాహ్నము ప్రక్కన కూర్చుండి తిన్నవాడే. ఆయన అది చూచెనో లేదో మాకు తెలియదు. అప్పటికే మేడమెట్లు ఎక్కుచుండెను.

ఇంటికి వచ్చిన పిదప మేము ఆయనకు ఉత్తరము వ్రాసితిమి. బీరువాలోని పదునాలుగింటిలో ఒకదానిని గోడమీదికైనను పంపుడు, గోడమీది గ్లాసును బీరువాలోనికైనను తెండు, ఈ రెండింటిలో ఏది చేసినను మాకు తృప్తియే అని. ప్రత్యుత్తరము నెల దాటిన పిదప వచ్చినది. మా క్షేమము నడిగెను. ఒక మీర్‌షామ్ పైపును బెంగుళూరివా డొకడు కొన్న వెలకు ఒకటిన్నర రెట్లిచ్చి కొనిపోయెననియు, దాని రంగు చూచి అతడు మఱు మాటాడలేదనియు వ్రాసెను. గ్లాసు ప్రస్తావన ఉత్తరమున లేదు.