ఎదిగే పిల్లవాడికి ఎంత కర్ర?

పాణ్యంలో కూర్చుని జపాను వారి కత్తిసామును గురించి రాయవలసి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. మూడు దశాబ్దాలకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న తెలుగు పండితుణ్ణి. ఆయుధాలతో నాకున్న పరిచయమల్లా సుద్దముక్క, బెత్తం. (రెండవదాన్ని తలచుకుంటే ఇప్పుడు సిగ్గు కలుగుతున్నది. అది వేరొక టపాకు సరిపడే విషయం.) అయినా పోయిన నెలలో మా ఇంట్లో పుట్టిన ఒక చిన్న వివాదంలో నేను ఒక పక్షం వహించవలసి వచ్చింది. వహించిన పక్షాన్ని మిత్రుల ముందు సమర్థించుకోవాలని ఈ ప్రయత్నం.

మా అమ్మాయి కుటుంబం టోక్యో నగరంలో నిషి కసాయి అనే పేటలో ఉంటున్నది. మన దేశస్థులు ఎక్కువగా కాపురముండే పేట అది. మనవడికి పన్నెండేళ్లు నిండాయి. ఈ యేడు మాధ్యమిక పాఠశాలలో అడుగుపెట్టాడు. జపానులో ఆ తరగతుల పిల్లలకు వ్యాయామ విద్యలో భాగంగా ఏదో ఒక సంప్రదాయ యుద్ధవిద్య నేర్పడాన్ని 2012 నుంచి తప్పనిసరి చేశారు. జూడో, సుమో, కెండో అందులో ప్రధానమైనవి. మావాడు కెండో మీద మనసుపడి బడి విడిచిన తరువాత జరిగే అభ్యాసంలో కూడా చేరాడు. కెండో అంటే కత్తిమార్గం. అసలు కత్తితో కాదు, వెదురుతో చేసిన కత్తితో సాధన చేస్తారు. దానిని షినాయ్ అంటారు.

అల్లుడు ఉత్సాహం కొద్దీ గురువును అడగకుండానే ఒక షినాయ్ కొని తెచ్చాడు, ముప్పై తొమ్మిదో నంబరుది. అది పెద్దవాళ్లు వాడే కొలత. గురువు మొదటి రోజే దానిని చేతిలోకి తీసుకుని చూసి, మర్యాదగా ఒక నమస్కారం పెట్టి, ముప్పై ఏడో నంబరుది తెమ్మని పిల్లవాడితో తిప్పి పంపాడు.

అల్లుడికి కష్టం తోచింది. ఆదివారం ఫోనులో నాతో మొరపెట్టుకున్నాడు. "చూడండి మామయ్యా, ఎదిగే పిల్లవాడు. రెండు మూడేళ్లలో ఎలాగూ ఇదే కావాలి కదా. ఒక వస్తువుకు రెండుసార్లు డబ్బు పోయడమెందుకు? పెద్దదానితో అలవాటైతే చేతికి బలం కూడా వస్తుంది."

ఈ వాదం మనందరికీ పరిచితమైనదే. జూన్ నెలలో దర్జీ దగ్గర నిలబడి "ఎదిగే పిల్లోడు, రోంత వదులుగా కుట్టప్పా" అనని తండ్రి మన సీమలో లేడు. నేనూ అన్నాను. వదులు చొక్కా వల్ల పెద్ద నష్టం లేదు, చేతులు మడుచుకుంటే సరిపోతుంది. కర్రను మడవలేము. అందుకే నేను అల్లుణ్ణి కాదని, ముఖపరిచయమైనా లేని ఆ గురువు పక్షం వహించాను.

ఈ నంబర్ల సంగతి మొదట చెప్పాలి. జపానువారి పాత కొలతల్లో షాకు అంటే మన అడుగు వంటిది, 30.3 సెంటీమీటర్లు. అందులో పదోవంతు సున్. ముప్పై తొమ్మిది అంటే మూడు షాకులు, తొమ్మిది సున్‌లు. ముప్పై ఏడంటే మూడు షాకులు, ఏడు సున్‌లు. పోటీల నిబంధనల ప్రకారం మాధ్యమిక పాఠశాల పిల్లల షినాయ్ 114 సెంటీమీటర్లు దాటరాదు, ఉన్నత పాఠశాల వారిది 117, ఆపై వారిది 120. బరువు బాలురకు 440 గ్రాములు, ఆపైన 480, పెద్ద మగవారికి 510 గ్రాములకు తగ్గరాదు. ఆడవారికి వరుసగా 400, 420, 440.

ఒక చిత్రం గమనించండి. పొడవుకు హద్దు పైన ఉన్నది, బరువుకు హద్దు కింద ఉన్నది. అంటే మనిషి ఆశ ఎటు పరుగెడుతుందో నియమం రాసినవారికి బాగా తెలుసు. ఎదుటివాడిని దూరం నుంచే అందుకోవాలని పొడుగు కర్ర కావాలంటాడు, త్వరగా తిప్పాలని తేలిక కర్ర కావాలంటాడు. ఈ రెండు ఆశలకూ చెరొక గోడ కట్టారు.

ఆ గోడ ఊరికే లేవలేదు. పందొమ్మిదో శతాబ్దపు పూర్వార్ధంలో యనగావా సీమ నుంచి ఓయిషి సుసుము అనే వీరుడొకడు ఎదో నగరానికి, అంటే నేటి టోక్యోకు వచ్చాడు. మనిషీ చాలా ఎత్తరి, అతని షినాయ్ అయిదు షాకులకు మించినది, అంటే మన లెక్కలో ఐదడుగుల పైమాట. నగరంలోని పేరుమోసిన గురువులు ఆ పొడుగు కర్ర ముందు ఒకరి తరువాత ఒకరు ఓడిపోయారు. అతనిని ఎదుర్కోవడానికి ఒక ప్రసిద్ధ గురువు పీపా మూతంత పిడిచక్రాన్ని తన కత్తికి తగిలించుకుని వచ్చాడని కూడా ఒక కథ చెబుతారు. ఓటమి చూసినవారు కర్రలు పొడిగించుకోవడం మొదలుపెట్టారు. చివరికి 1856లో ప్రభుత్వం కోబుషో అనే సైనిక విద్యాలయం స్థాపించి, షినాయ్ మూడు షాకుల ఎనిమిది సున్‌లకు మించరాదని కట్టడి చేసింది. నాకిందులో తోచిందొకటే. ఓయిషికి అది తగిన కర్రే, ఆ ఎత్తు అతనికున్నది. అతని ఎత్తు లేకుండా అతని కర్రను తెచ్చుకున్నవారే చిక్కులో పడి ఉంటారు.

మా మనవడి సంగతికి వస్తే, 114కూ 120కీ తేడా ఆరు సెంటీమీటర్లు, మూడు వేళ్ల వెడల్పు. బరువులో తేడా డెబ్భై గ్రాములు. "ఇంతేనా?" అన్నాడు అల్లుడు. అరచేతిలో పెట్టుకుంటే అది ఇంతే. కర్రకు చివర పెట్టి, చేతులు చాచి, తల మీది నుంచి కిందికి వందసార్లు తెచ్చినప్పుడు అది ఇంత కాదు. కెండోలో ఎడమచేయి పిడి అంచున ఉండి కర్రను నడుపుతుంది, కుడిచేయి దారి చూపుతుంది. కర్ర కొస బరువైతే పిల్లవాడు తెలియకుండానే కుడిచేతిని బిగిస్తాడు, భుజంతో లాగుతాడు. బలం రాదు, బలంతో నెట్టుకొచ్చే దురలవాటు వస్తుంది. పెద్ద బలపంతో దిద్దిన పిల్లల చేతిరాతను చూసినవాడిని కనుక ఈ మాట ధైర్యంగా అంటున్నాను. చేయి ఒకసారి వంకర నేర్చుకుంటే దానిని మరిపించడం నేర్పడం కంటే కష్టం.

పొడవొక్కటే చాలదు, పిడి కొలత మరొకటి ఉన్నది. మనవడు నాకు చూపించాడు. షినాయ్ పిడి అంచును మోచేతి మడతలో ఆనించి అదే చేత్తో పిడిని పట్టుకుంటే, పిడికిలి సరిగ్గా చక్రం కిందకు రావాలట. ఆ దృశ్యం చూడగానే నాకు కూర్చున్నచోట ఒళ్లు పులకరించింది. మోచేతి నుంచి బిగించిన పిడికిలి వరకు ఉండే కొలతకు అమరకోశంలో పేరున్నది, రత్ని. చేయి చాచితే హస్తం, పిడికిలి బిగిస్తే రత్ని, అందులో చిటికెనవేలు ఒక్కటి చాచితే అరత్ని. యాభై ఏళ్లుగా నేను వల్లెవేసి, పిల్లల చేత వల్లెవేయించిన మాట అది. దానికి ప్రయోజనం ఒకటి ఉంటుందని టోక్యోలో నా మనవడు చెప్పేదాకా తోచలేదు. పండితుల చదువు అనేకసార్లు ఇలాగే ఉంటుంది లెండి.

మన ప్రాంతానికి ఈ విద్య కొత్తదేమీ కాదు. నా చిన్నతనంలో పీర్ల పండుగ వచ్చిందంటే కర్రసాము లేకుండా జరిగేది కాదు. మా ఊళ్లో ఒక ఉస్తాదు ఉండేవాడు. చదువురాదు, టేపు ముట్టినవాడు కాడు. పిల్లవాణ్ణి గోడకు నిలబెట్టి, పక్కన కర్రను నిలబెట్టి, కనుబొమల దగ్గర బొగ్గుతో గీత గీసి, అక్కడ కోసేవాడు. మందం చూడడానికి పిల్లవాడి చేతనే పట్టించి, బొటనవేలు తక్కిన వేళ్లను తాకుతున్నదా లేదా చూసేవాడు. నల్లమల నుంచి వచ్చే సాధనపు వెదురు, లోపల డొల్ల లేని గట్టి వెదురు, దానికి వాడేవారు. నీడలో ఆరబెట్టి ఆముదం పట్టించేవాడు. "కట్టె నీ మాట వినల్లప్పా, నువ్వు కట్టె మాట వినగూడదు" అనేవాడు. పండుగ తరువాతి యేడాదికి మళ్లీ గోడ దగ్గర నిలబెట్టేవాడు. పాత కర్ర తమ్ముడికో పక్కింటి పిల్లవాడికో పోయేది.

ఇంత చూసి పెరిగిన నేను ఏం చేశానో కూడా చెప్పాలి. తొంభైలలో, నేను పనిచేసిన ఒక పాఠశాలలో వార్షికోత్సవానికి పిల్లల చేత కర్రసాము ప్రదర్శన పెట్టించే బాధ్యత నా మీద పడింది. మేదరుల దగ్గరకు వెళ్లి ఇరవై కర్రలు కొన్నాను. ఇరవైకి ఇరవై ఐదున్నర అడుగులు. వేదిక మీద వరుస ఒక్క తీరుగా కనిపిస్తే అందంగా ఉంటుందనుకున్నాను. అభ్యాసంలో ఏడో తరగతి పిల్లవాడొకడు కర్ర తిప్పుతుండగా దాని కింది కొస బండకు తగిలి, పై కొస ఎగిరి వాడి నోటిని కొట్టింది. ముందరి పన్ను విరిగింది. చొక్కా ముందు భాగమంతా రక్తం.

మరునాడు వాడి నాయన వచ్చాడు. బేతంచెర్ల వైపు నాపరాళ్ల గనిలో పనిచేసే మనిషి. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మూలన ఉన్న కర్రల్లో ఒకటి తీసి కొడుకు పక్కన నిలబెట్టాడు. వాడి తల మీద ఇంకా జానెడుకు పైగా మిగిలింది. తరువాత దానిని తన పక్కన నిలబెట్టుకున్నాడు. "ఇది నాకే రోంత ఎక్కువ గదా సారూ" అన్నాడు. అంతే అన్నాడు. కర్రను మళ్లీ జాగ్రత్తగా మూలన పెట్టి, కొడుకును తీసుకుని వెళ్లిపోయాడు. ఆ పిల్లవాడు ఇప్పుడు నలభై దాటినవాడై ఉంటాడు. నవ్వినప్పుడు ఎలా ఉంటాడో నాకు తెలియదు.

ఇరవై కర్రలను ఇరవై మంది పిల్లలకు కోయించడానికి మేదరికి ఒక పూట పని. ఆ పూటను నేను మిగుల్చుకున్నాను.

పూర్వులకు ఈ విషయంలో పట్టింపు ఉన్నది. ఉపనయనంలో వటువు చేతికిచ్చే దండానికి మనుస్మృతి మూరలూ అంగుళాలూ చెప్పలేదు. ఒకరికి జుట్టు అంచు వరకు, ఒకరికి నుదుటి వరకు, ఒకరికి ముక్కు వరకు అన్నది. అందులో వర్ణాన్ని బట్టి పెట్టిన తేడా నాకు అక్కరలేదు, ఎవరికీ అక్కరలేదు. కొలబద్ద ఆ పిల్లవాడి దేహమే అన్న మాట మాత్రం తీసుకోదగినది.

"మన కర్రసాము ఉండగా వాళ్ల కత్తిసాము ఎందుకు?" అని అడిగే మిత్రులుంటారు. అడగవచ్చు. మన కర్నూలు జిల్లాలోనే హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి రాత్రి జరిగే బన్ని ఉత్సవంలో ఇనుప రింగులు తొడిగిన కర్రలు కూడా కనిపిస్తాయి, తలలు పగులుతాయి. అక్కడివారి భక్తిని శంకించను. కానీ తగిలినా గాయపడకుండా ఉండే కర్రను తయారుచేయడానికి ఒక జాతి ఎన్ని తరాలు బుర్ర పెట్టిందో చూసి నేర్చుకోవడంలో తప్పు లేదంటాను. షినాయ్ ఒకే కర్ర కాదు, నాలుగు వెదురు బద్దలను తోలుతో, తాటితో బిగించినది. తగలగానే బద్దలు వంగి దెబ్బను మింగుతాయి. వంగడమనే అర్థమున్న క్రియ నుంచే ఆ పేరు పుట్టిందని చెబుతారు. బద్ద చీలితే మాత్రం అది ప్రమాదకరం. పేడు ముఖకవచపు ఊచల సందులోంచి కంటిని చేరవచ్చు. అందుకే ప్రతి అభ్యాసానికీ ముందు బద్దలను తడిమి చూస్తారు.

అల్లుడి ఖర్చు బాధకు కూడా సమాధానం ఇందులోనే ఉన్నది. షినాయ్ ఎలాగూ శాశ్వతం కాదు. రోజూ సాధన చేసే పిల్లవాడి చేతిలో వెదురు చీలుతూనే ఉంటుంది, ఒకే కొలతవి రెండు పాతవి ఉంటే మంచి బద్దలు ఏరి ఒకటిగా కట్టుకుంటారు. మూడేళ్లు దాచుకోవడానికి అది ఇత్తడి బిందె కాదు.

ఈ మాట మన బడులకు కూడా చెప్పదలచుకున్నాను. 2024 జనవరిలో తమిళనాట జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడల్లో సిలంబాన్ని ప్రదర్శన క్రీడగా చేర్చారు. మన కర్రసాముకు అది తోడబుట్టినది. రేపు మన పాఠశాలల్లోనూ కర్రలు పంచే రోజు రావచ్చు. వచ్చినప్పుడు అన్నీ ఒకే కొలతవి కట్టగట్టి పంపవద్దు. పొడుగువే పంపండి, తోడుగా ఒక రంపం పంపండి. కోయడానికి ముందు ప్రతి పిల్లవాణ్ణీ, ప్రతి పిల్లనూ గోడకు నిలబెట్టండి.

అల్లుడు చివరికి ముప్పై ఏడో నంబరుది కొన్నాడు. నా వాదనకు లొంగి కాదు, గురువు ఒప్పుకోడు కనుక. ఆ ముప్పై తొమ్మిదోది వాళ్లింట్లో చెప్పుల అర పక్కన నిలబెట్టి ఉన్నదట. వెదురు ఎండిపోకుండా అప్పుడప్పుడు కాస్త నూనె రాస్తూ ఉండమని చెప్పాను.