అప్పుల మూటకు ఒక కొలత

ఓరుగల్లు ప్రాంతపు పల్లెలలో 2010 నాటి సూక్ష్మ ఋణ సంక్షోభమును మన పాఠకులు మఱచియుండరు. ఒక్క గృహిణికే మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చినవి. ఒకరి వాయిదా తీర్చుటకు మఱియొకరి యొద్ద చేయి చాపవలసి వచ్చినది. ఆ యక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేయగా వసూళ్లు కుప్పకూలినవి. అందు అంతగా చర్చకు రాని యంశ మొకటి కలదు. ఆ యప్పులలో కొన్నింటిని వేలకొలదిగా మూటగట్టి, రాబోవు వాయిదాల సొమ్ముపై హక్కును ఋణదాతలు బ్యాంకులకు విక్రయించిరి. దీనినే సెక్యూరిటైజేషన్ అందురు.

విక్రయమే దోషమని మేము చెప్పము. అయితే ఏనుమాముల మార్కెట్టులో మిర్చి కొనువాడు బస్తా విప్పి చూచును. క్వింటాలనగా నూఱు కిలోలని అమ్మువాడును కొనువాడును ఎఱుగుదురు. అప్పుల మూట కొనువానికి కనబడునవి అంకెలు మాత్రమే. ఆదాయమనగా పంట యమ్మిన మొత్తమా, కౌలు పోగా మిగిలినదా? కొత్త యప్పిచ్చి పాతదానిని తీఱినట్లు వ్రాసికొన్నచో దానినే పేర పిలువవలెను? అమ్మువాడొక యర్థమునను, కొనువాడు వేఱొక యర్థమునను గ్రహించినచో, ఆ బేరము చీకటిలో జరిగినట్లే.

రిజర్వు బ్యాంకు 2011లో, ఒక ఋణగ్రహీతకు రెండు సూక్ష్మ ఋణ సంస్థలకు మించి అప్పీయరాదనెను. బ్యాంకు లిచ్చిన యప్పులు ఆ లెక్కలోనికి రాలేదు! 2022 మార్చిలో ఈ లోపము చాలవఱకు సవరింపబడినది. కుటుంబమనగా భార్యాభర్తలు, అవివాహితులైన సంతానము. వార్షికాదాయము 3 లక్షల రూపాయలకు మించరాదు. అన్ని యప్పుల వాయిదాలును కలిపి నెలసరి యాదాయమున సగమును దాటరాదు. ఇది బ్యాంకులకును వర్తించును. అంతకుముందే, 2021 సెప్టెంబరులో, మూటను విక్రయించువాడు రెండేండ్లకు లోబడిన యప్పులైన 5 శాతము, అంతకు మించినవైన 10 శాతము నష్టభారమును తనయొద్ద నుంచుకొనవలెనని శాసించిరి. మంచిదే, కాని భారము పంచుకొన్నంత మాత్రమున మాటల యర్థము తేటపడదు.

ఐరోపా కేంద్ర బ్యాంకు 2013 నుండి, తనయొద్ద కుదువబెట్టు ఇట్టి పత్రములలో ఒక్కొక్క యప్పు వివరమును నిర్ణీత పట్టికలో కోరసాగినది. 2008 నాటి అమెరికా గృహ ఋణముల పతనము నేర్పిన పాఠమది. మనకును అట్టి పట్టిక కావలెను. ఋణదాత, ట్రస్టు, కొనుగోలుదారు, ఋణ సమాచార సంస్థ, నలుగురును ఒకే నిర్వచనమును వాడవలెను.

ఇంకొకటి. 2022 నిబంధనల ప్రకారము కుటుంబాదాయమును ఋణ సమాచార సంస్థలకు తప్పక తెలుపవలెను. ఋణగ్రహీతకు అర్థమగు భాషలో కార్డు నీయవలెను. తన పేరున వ్రాసిన యాదాయమెంతయో ఆ యిల్లాలు చదువుకొని, తప్పైనచో కాదనగలుగునట్లు, ఆ యంకెను గూడ కార్డుపై తెలుగున అచ్చొత్తింపవలెనని రిజర్వు బ్యాంకును కోరుచున్నాము.