ఒకే బిళ్ల, మూడు ముద్రలు

మా మావయ్య ఇచ్చిన స్టాంపుల ఆల్బంలో జర్మనీకి ఒకటే పేజీ. “అన్నీ జర్మనీవేగా, తేడా ఏముంది?” అని మన మిత్రులు చాలామంది అంటారు. నేను ఒప్పుకోను.

1947లో, జర్మనీ ఇంకా విజేతల ఆక్రమణలో ఉండగా, శ్రామికుల బొమ్మలతో ఒక వరుస తపాలా బిళ్లలు వచ్చాయి. విత్తనాలు చల్లే రైతు అందులో ఒకడు. వాటిమీద ‘జర్మన్ తపాలా’ అన్న అర్థంలో ‘డాయిచ పోస్ట్’ అని మాత్రమే ఉంటుంది. అమెరికా, బ్రిటిష్, సోవియట్ మండలాలు మూడింటిలోనూ అవే బిళ్లలు. 1948 జూన్‌లో పశ్చిమాన కొత్త మార్కు రాగానే అదే రైతు నెత్తిన మూడు రకాల అచ్చులు పడ్డాయి. అమెరికా, బ్రిటిష్ మండలాల్లో చిన్న చిన్న తపాలా బూరల వరుస. తూర్పున ‘సోవియట్ ఆక్రమణ మండలం’ అని జర్మన్ మాటలు. ఆ సెప్టెంబరులో పశ్చిమ బెర్లిన్‌లో ఏటవాలుగా ‘బెర్లిన్’. బొమ్మ మారలేదు, మనిషి మారలేదు, పాలకుడు మారాడు. (ఈ అచ్చులకు నకిలీలు బోలెడు. ధర చూసి కొనేవారు జాగ్రత్త!)

1949 తర్వాత గుర్తుపట్టడం తేలికే. ‘బుందెస్‌పోస్ట్’ అంటే పశ్చిమం, దానికి ‘బెర్లిన్’ చేరితే పశ్చిమ బెర్లిన్, ‘డి.డి.ఆర్.’ అంటే తూర్పు. కాని పోరు ఆగలేదు. 1965లో, తూర్పు ప్రాంతాలనుంచి జర్మన్లను వెళ్లగొట్టి ఇరవై యేళ్లయిందని పశ్చిమం ఒక బిళ్ల వేస్తే, తూర్పు అధికారులు దాన్ని అంటించిన ఉత్తరాలను తిప్పి పంపారు, కొన్నింటిమీద సిరా పూశారు. లోపల ఉన్నది తల్లికి రాసిన క్షేమసమాచారమే అయినా సరే!

అందుకే నా గోడు ఒకటి. మనవాళ్లు కవరు దొరకగానే నీళ్లలో నానబెట్టి బిళ్ల ఊడదీసి, కవరు పారేస్తారు. 1990 అక్టోబరు 3న దేశం ఏకమైంది గాని, ‘బుందెస్‌పోస్ట్’ అన్న పేరు 1995 దాకా బిళ్లలమీద నిలిచింది. అది చీలిన దేశంలో వాడిందా, కలిసిన దేశంలో వాడిందా అన్నది తేదీముద్ర చెప్పాలి, ఊరిపేరు చెప్పాలి. అవి సగం కవరుమీదే ఉంటాయి. దయచేసి కవర్లు పారెయ్యకండి.

మావయ్య పేజీని నేను నాలుగు చేశాను. ఒక్క సార్ ప్రాంతం బిళ్లలు మాత్రం ఇంకా విడిగా కవర్లోనే ఉన్నాయి. 1957లో అది పశ్చిమ జర్మనీలో కలిసింది, బిళ్లలు మాత్రం 1959 దాకా దానివి దానివే. ఎవరి పేజీలో పెట్టమంటారు?