తిండి రాజకీయాలు – 7: నల్లగొండ ఒంటికి ఎవరి డైట్ చార్టు?

ప్రతి సమాజానికీ తిండి మీద ఏవో కట్టుబాట్లుంటాయి. జైనులు ఉల్లిగడ్డ తినరు. ముస్లింలు పందిని ముట్టరు. యూదులు మాంసాన్ని పాలతో కలపరు. వాటితో నాకే పేచీ లేదు. ఎవరి పళ్లెం మీద వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు అది. తన కట్టుబాటును తెచ్చి పక్కోడి పళ్లెం మీద పెట్టి, దానికి 'ఆరోగ్యం' అని పేరు పెట్టేవాళ్లతోనే నా పేచీ. దాన్ని పెత్తనం అంటారు.

2024 మే నెలలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) భారతీయుల కోసం 17 ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. 2000 కేలరీల పళ్లెం ఎట్లుండాలో చెప్పింది. ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, పప్పులు-గుడ్లు-మాంసం అన్నీ కలిపి 85 గ్రాములు. ఆ శాస్త్రాన్ని నేను కాదనడం లేదు. దాన్నే సాక్షిగా పిలుస్తున్నా. ఎందుకంటే మన పాలమూరు, నల్లగొండ లాంటి మెట్ట ప్రాంతాల కూలోళ్ల ఒంట్లో ఏం జరుగుతుందో ఆ సంస్థ దశాబ్దాల కిందనే చూసింది.

1960లో గోపాలన్, శ్రీకాంతియా అనే శాస్త్రవేత్తలు ఇక్కడి నుంచే ఒక సంగతి లోకానికి చెప్పారు. జొన్న మీదనే బతికే పేదలకు పెల్లాగ్రా వస్తోందని. ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొట్టు రాలుతుంది. విరేచనాలు పట్టుకుంటాయి. ముదిరితే మతి చెదురుతుంది. ఒంటికి నయాసిన్ అందకపోవడం వల్ల వచ్చే జబ్బు అది. నయాసిన్ మాంసంలో ఉంది, కార్జంలో ఉంది, పల్లీల్లో ఉంది. అంటే తప్పు జొన్నది కాదు. జొన్న పక్కన ఇంకేమీ లేకపోవడానిది. గటక మిగిల్చి, గటకలోకి కూర లేకుండా చేసిన కూలి రేట్లది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు నగరాల్లో జొన్నరొట్టెకు వచ్చిన గౌరవం చూశాం. సంతోషమే. కానీ జొన్నను పొగిడేవాళ్లెవరూ, ఆ జొన్నరొట్టె మీద మా ఇండ్లల్లో ఏం పెట్టుకునేవాళ్లో అడగలేదు. ఎండబెట్టిన పెద్దకూర తునకలు పెట్టుకునేవాళ్లం. రొట్టె సూపర్ ఫుడ్ అయింది, తునక మాత్రం నేరంగానే ఉండిపోయింది.

ఇక ఫ్లోరైడ్. నల్లగొండ పిల్లల కాళ్లు వంకరపోవడం గురించి 1970లలో ఎన్ఐఎన్ పరిశోధనలు చేసింది. జొన్న తినేవాళ్ల ఒంట్లో, బియ్యం తినేవాళ్లకన్నా ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తోందని తేల్చింది. 2002లో అదే సంస్థ వాళ్లు చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని చూపించారు. మనం రోజూ పులుసులో పిసికే చింతపండు! దీన్నిబట్టి ఒక్క మాట తేలుతుంది. నీళ్లను బట్టి, నేలను బట్టి, చేసే పనిని బట్టి తిండి మారాలి. మర్రిగూడ పిల్లకూ బంజారాహిల్స్ పిల్లకూ ఒకే చార్టు సరిపోదు. శాస్త్రం చెప్పేది ఇది.

మరి 'సాత్వికం' ఏం చెప్తుంది? భగవద్గీత 17వ అధ్యాయం తిండిని మూడు గుణాలుగా విడదీసింది. చల్లారిందీ, పాసిపోయిందీ, ఎంగిలిదీ ఇష్టపడేవాడు తామసుడట. ఇప్పుడు మనుస్మృతి 10వ అధ్యాయం తీయండి. సేవ చేసే శూద్రుడికి ఎంగిలి తిండి, పాత బట్టలు ఇమ్మంటుంది. ఒక పుస్తకం ఎంగిలి పెట్టమంటది, ఇంకో పుస్తకం ఎంగిలి తినేవాడిది తక్కువ గుణం అంటది. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే ఇందులో పోషకాహారం ఎంతుందో, కులం ఎంతుందో మీకే తెలుస్తుంది.

పోనీ, ఇది ఆయుర్వేదం అంటారా? చరక సంహిత సూత్రస్థానం 27వ అధ్యాయం చదవండి. పొడి దగ్గుకూ, విషమజ్వరానికీ, శ్రమతో అలసినవాళ్లకూ, కండ తగ్గినవాళ్లకూ గోమాంసం హితమని అందులో ఉంది. శ్రమతో అలసినవాళ్లు! ఈ దేశంలో వాళ్లెవరో నేను చెప్పాల్నా? వాళ్ల వైద్య గ్రంథం మా కూలోళ్లకు రాసిచ్చిన చీటీని వాళ్లే చింపేశారు.

తెలుగు సాహిత్యం చదువుకున్నవాడిగా ఒక పదం గురించి చెప్పాలి. 'నీసు'. మాంసం, చేపలు తినడాన్ని మనం మామూలుగా "నీసు తినడం" అంటాం. "ఇయ్యాల శనివారం, నీసు తినం" అంటాం. దాని పుస్తక రూపం 'నీచు'. నీచం పక్కనే కూర్చున్న మాట. రాష్ట్రంలో అందరూ తినే తిండికి భాష పెట్టిన పేరు ఇది! 2014 నమూనా నమోదు సర్వేలో తెలంగాణలో 100కు 98 మందికి పైగా మాంసాహారులే అని తేలింది. అయినా క్లాసులో "ఆదివారం ఇంట్లో ఏం వండుకున్నరు?" అని అడిగితే వాడల నుంచి వచ్చిన పిల్లలు ఒక క్షణం ఆగి "చికెన్ సార్" అంటారు. ఆ ఒక్క క్షణం ఆగడం ఉంది చూశారా, కులం ఉండేది అక్కడే. ఏ సర్వేలోనూ అది లెక్కకు రాదు.

"అంబేద్కరే మాంసం మానేయమన్నాడు కదా" అని తెలివిగా అడిగేవాళ్లున్నారు. 1927 మహద్ సభలో ఆయన మానేయమన్నది చచ్చిన పశువు మాంసాన్ని. వెట్టికి కూలిగా పారేసే ఎంగిలిని వద్దనమన్నాడు. అది ఆత్మగౌరవం కోసం ఇచ్చిన పిలుపు. 1948లో 'అంటరానివాళ్లు ఎవరు' అనే ప్రశ్న వేసుకుని రాసిన పుస్తకంలో ఆయనే, గొడ్డుమాంసం తినడానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని చరిత్రలోకి వెళ్లి విప్పాడు. ఎవరో పడేసింది తినొద్దు అనడం వేరు, నీకు నచ్చింది తినొద్దు అనడం వేరు. ఈ రెంటినీ కలిపేసేవాళ్లు అంబేద్కర్‌ను సగమే చదివారు, అదీ తమకు కావలసిన సగం.

ఈ కథ మనదొక్కటే కాదు. జపాన్‌లో 675లో తెన్ము చక్రవర్తి ఎద్దు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసం తినొద్దని శాసనం చేశాడు. పశువులను కోసి, తోళ్లు శుద్ధి చేసేవాళ్లు అక్కడ అంటరానివాళ్లయ్యారు. 1871లో వాళ్ల మీది ఆంక్షలు చట్టంలో రద్దయ్యాయి. 1872లో మెయిజీ చక్రవర్తి తానే గొడ్డుమాంసం తిన్నానని లోకానికి తెలిసేలా చేశాడు. ఇప్పుడు జపాన్ గొడ్డుమాంసానికి ప్రపంచమంతా గిరాకీ. కానీ ఆ బురాకు వాడల పిల్లలను పెళ్లి సంబంధాల్లో, ఉద్యోగాల్లో వెలివేయడం ఆ తర్వాత కూడా ఆగలేదు. మనవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. కూర గిన్నెకు గౌరవం వచ్చినంత మాత్రాన వండినోళ్లకు గౌరవం రాదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియాలో బీఫ్ ఫెస్టివల్ చేస్తే రాళ్లు పడ్డాయి, కత్తిపోటు జరిగింది. ఆ పండుగ అవసరమే. కానీ పండుగ ఒక్కరోజుది, హాస్టల్ మెస్సు 365 రోజులది. కొట్లాట అక్కడికి పోవాలి.

మన ప్రభుత్వం హాస్టళ్ల డైట్ చార్జీలు 2024లో 40 శాతం పెంచింది. 8 నుంచి 10వ తరగతి పిల్లలకు నెలకు 1100 నుంచి 1540 రూపాయలైంది. మంచిదే, అడిగి సాధించుకున్నదే. లెక్క కట్టండి: రోజుకు 51 రూపాయలు. అందులో మూడు పూటల తిండి, పాలు, గుడ్డు, మాంసం. ఇంకోపక్క జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతానికి, ఆడవాళ్లలో 57.6 శాతానికి రక్తహీనత. ఆకుకూరల్లోని ఇనుముకన్నా మాంసంలోని ఇనుము ఒంటికి సులువుగా పడుతుంది. బి12 మొక్కల తిండిలో దొరకదు. ఈ పరిస్థితిలో గుడ్డు పెట్టను, ఉల్లి, వెల్లుల్లి వేయను అనే అక్షయపాత్ర లాంటి సంస్థల చేతికి బడిపిల్లల వంట అప్పజెప్పడం ఏం ఆరోగ్యం? దాత తన నమ్మకం తను పెట్టుకోవచ్చు. కానీ బడి గుడి కాదు, బడిపిల్ల భక్తురాలు కాదు.

మన రాష్ట్రంలో ఇప్పటికీ నడుస్తున్న 1977 చట్టం ఆవునూ దూడలనూ వధించొద్దంటుంది. ధ్రువపత్రం ఉంటే ముసలి ఎద్దుకూ, దున్నపోతుకూ అడ్డు లేదు. ఎన్ఐఎన్ 2017లో అచ్చేసిన ఆహార పదార్థాల పట్టికల్లో పెద్దకూర ఉంది, దాని కార్జం విడిగా ఉంది, గుండె విడిగా ఉంది. చట్టంలో ఉంది, శాస్త్రంలో ఉంది, మా పొయ్యి మీద ఉంది. సర్కారు గోడ మీద మాత్రం లేదు.

బ్రెజిల్ 2014లో తన ఆహార మార్గదర్శకాలు రాసుకున్నప్పుడు కేలరీల చిట్టాతో ఆగలేదు. తాజాగా వండుకున్నది తినండి, ఫ్యాక్టరీ ప్యాకెట్లు మానండి, నలుగురితో కూర్చుని తినండి, మీ ప్రాంతపు వంటను కాపాడుకోండి అంది. నలుగురితో కూర్చుని తినండి అనే వాక్యం ఈ దేశంలో మార్గదర్శకం కాదు, విప్లవం. సహపంక్తి కోసం మనోళ్లు తన్నులు తిన్న దేశం ఇది.

నా డిమాండ్లు చిన్నవి. శాకాహారం తినే పిల్లకు ఆమె తిండి ఆమెకు పెట్టండి. మిగతా పిల్లలకు బడిలో వారానికి మూడు గుడ్లు కాదు, రోజూ గుడ్డు పెట్టండి. మెనూ రాసే కమిటీలో పిల్లలనూ, వాళ్ల తల్లులనూ కూర్చోబెట్టండి. హాస్టల్ మెనూలో కార్జం చేర్చండి. ఫ్లోరైడ్ ఊళ్లకు పాలతో, చింతపండుతో వేరే చార్టు వేయండి. పిల్లలు అడిగినచోట, చట్టం ఒప్పుకున్న పెద్దకూర పెట్టండి.

చెల్లెలా, తమ్ముడా, రేపు పొద్దున మీ హాస్టల్ గోడ మీది మెనూ ఫోటో తీయండి. వారం రోజులు పళ్లెంలో నిజంగా ఏం పడిందో దాని పక్కన రాయండి. గుడ్డు ఎన్నిసార్లు, మాంసం ఎన్ని ముక్కలు, పాలల్లో నీళ్లెన్ని. ఆ కాగితం పట్టుకుని వార్డెన్ దగ్గరికి, అక్కడ కాకపోతే కలెక్టరేట్‌కు పోదాం. ఈసారి ఎవరైనా "ఇంట్లో ఏం వండుకున్నరు?" అని అడిగితే ఆగకుండా చెప్పండి.

జై భీమ్.