కంప్యూటరులో పరకాయ ప్రవేశం

ఆదిశంకరులు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించిన గాథ మనమందరం విన్నదే. యూనిక్స్ వంశానికి చెందిన యంత్రాలలో ఈ పరకాయ ప్రవేశం నిత్యకృత్యం. మన పిల్లలు వాడే మాకింతోషులోనూ, లైనక్స్‌లోనూ ఒకరు మరొకరి అధికారంతో ఆజ్ఞను నడిపించే ఏర్పాటు ఉన్నది.

1969లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు యూనిక్స్‌కు శ్రీకారం చుట్టారు. అందులో సర్వాధికారి పేరు 'రూట్', సంఖ్య సున్న. పాస్‌వర్డుల ఫైలును రూట్ తప్ప అన్యులు మార్చరాదు. మరి సామాన్యుడు తన పాస్‌వర్డును మార్చుకొనేదెట్లా? దీనికి రిచీ చూపిన ఉపాయం 'సెట్‌యుఐడి'. ఆ గుర్తు ఉన్న ప్రోగ్రాము, నడిపినవారి అధికారంతో గాక తన యజమాని అధికారంతో నడుస్తుంది. ఈ ఉపాయానికి 1979లో పేటెంటు లభించింది. ఇందులో నన్ను ఆకట్టుకొన్న అంశం మరొకటి: నడిపినది ఎవరు, చెల్లుతున్నది ఎవరి అధికారం అనే రెండు సంఖ్యలనూ యంత్రం వేరువేరుగా గుర్తుంచుకొంటుంది. కాయం మారినా లోనున్నది ఎవరో మరువదు.

'ఎస్‌యు', 'సుడో' అనే రెండు ఆజ్ఞలకూ ఆధారం ఇదే. మొదటిది ఎదుటివారి పాస్‌వర్డు అడుగుతుంది. కనుక పదిమంది పనిచేసే చోట రూట్ పాస్‌వర్డు పదిమందికీ తెలియవలసి వస్తుంది. లోపలికి వెళ్ళినది ఎవరన్నది నమోదైనా, వెళ్ళి ఏమి చేశారన్నది సాధారణంగా నమోదు కాదు. 1980 ప్రాంతంలో బఫెలోలోని న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పుట్టిన సుడో మామూలుగా మన పాస్‌వర్డే అడుగుతుంది; ఎవరు, ఎవరి పేరిట, ఏ ఆజ్ఞ నడిపారో పద్దు వ్రాస్తుంది.

అయితే సుడో ఉన్నచోట కూడ 'అన్ని ఆజ్ఞలకూ అనుమతి' అని ఒక్క పంక్తి వ్రాసి చేతులు దులుపుకొనేవారే ఎక్కువ. ఇది బద్ధకమని నా అభిప్రాయం. ప్రయోగశాలలో సయనైడు కావలసినవారికి తూచి ఇచ్చి సంతకం తీసుకొంటాము గాని, బీరువా తాళంచెవి అప్పగించము గదా! పరిమితంగా ఇచ్చేటప్పుడూ మెలకువ కావాలి. 'వి.ఐ.' వంటి ఎడిటరుకు అనుమతిస్తే, అందులోనుండి షెల్ తెరిచి సర్వాధికారమూ పొందవచ్చు. ఆపైన పద్దూ ఉండదు.

సుడోలోనే లోపాలున్నవి గదా అని కొందరి ఆక్షేపణ. నిజమే, ఏ సామాన్య వినియోగదారుడైనా రూట్ కాగల లోపం 2011 నుండి దాగి ఉండి 2021లో బయటపడింది. దానిని వెంటనే సవరించారు. పదిమంది నోట పడిన పాస్‌వర్డును సవరించే ఉపాయం, దానిని మార్చి మళ్ళీ ఆ పదిమందికీ చెప్పడమే.

ఇంట్లో తల్లిదండ్రులూ పిల్లలూ ఒకే నిర్వాహక ఖాతాలో పనిచేయడం నాకు సమ్మతం కాదు. పిల్లలకు సామాన్య ఖాతా చాలు. అచ్చుయంత్రం తరచు మొరాయించే ఇంట, దాని సేవను పునఃప్రారంభించే ఒక్క ఆజ్ఞను సుడోలో వారి పేరిట వ్రాయవచ్చు. ఆ పట్టికను 'విసుడో'తోనే దిద్దాలి. భద్రపరచే ముందే వ్రాతలోని దోషాలను అది పట్టి చూపుతుంది.