మీరే చేయండి: కుట్టుమిషనుతో ముగ్గు

పిల్లలూ! మీ ఇంట్లో పాత బొంత ఉన్నదా? ఉంటే ఒకసారి వెలుతురులో పరిచి చూడండి. పైన ఒక చీర, అడుగున ఒక చీర, నడుమ చిరిగిన పంచెలూ దుప్పట్లూ పేర్చి, అన్నింటినీ కలిపి కుట్టి ఉంటారు. ఆ కుట్లు అందానికి మాత్రమే కాదు. అవి లేకపోతే, ఉతికినప్పుడు లోపలి గుడ్డలన్నీ ఒక మూలకు చేరి ఉండ కడతాయి. పొరల నడుమ నిలిచిన గాలి మన ఒంటి వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. అందువల్లనే బొంత వెచ్చగా ఉంటుంది.

చేతితో పెద్ద బొంత కుట్టాలంటే చాలా రోజులు పడుతుంది. ఇంట్లో మామూలు కుట్టుమిషను ఉంటే, దానితోనే బొంత మీద తీగలు, ఆకులు, మెలికలు ఎటు కావాలంటే అటు తిప్పి కుట్టవచ్చును. అది ఎట్లాగో చూద్దాం.

మిషను సూది కింద ఉన్న పలకను గమనించండి. దాని సందుల్లో చిన్న చిన్న పళ్ళు కనిపిస్తాయి. చక్రం తిప్పితే అవి పైకి లేచి, గుడ్డను వెనక్కి తోసి, కిందికి దిగి, మళ్ళీ ముందుకు వస్తాయి. ఈ నాలుగు కదలికల ఏర్పాటుకు ఆలెన్ విల్సన్ అనే ఆయన 1854లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఈ పళ్ళ వల్లనే కుట్టు తిన్నగా, సమంగా పడుతుంది. కాని అవి గుడ్డను ఒకే దారిన తోస్తాయి. మనకు నాలుగు దిక్కులూ కావాలి కదా! కనుక పళ్ళకు సెలవిచ్చి, గుడ్డను మన చేతులతోనే నడపాలి.

కొన్ని మిషన్లలో పళ్ళను కిందికి దించే మీట ఉంటుంది. అది లేకపోతే, పాత పోస్టుకార్డు ముక్కను పళ్ళ మీద పరిచి అంటించి, సూది దిగేచోట రంధ్రం చేయండి. కుట్టు పొడవును సున్నా దగ్గర ఉంచండి. అంతే!

ఇప్పుడొక లెక్క. మిషను సెకనుకు 10 కుట్లు వేస్తున్నదనుకోండి. మీరు సెకనుకు 2 సెంటీమీటర్ల చొప్పున గుడ్డను జరిపితే, ఒక్కొక్క కుట్టు పొడవు ఎంత? 2 మిల్లీమీటర్లు. చెయ్యి వేగం పెరిగితే కుట్లు సాగిపోతాయి, తగ్గితే చీమల బారులాగా దగ్గర పడతాయి. అంటే కుట్టు పొడవును నిర్ణయించేది ఇప్పుడు పళ్ళు కాదు. కాలూ చెయ్యీ కుదిరిన తాళం.

ఆ తాళం కుదరాలంటే సాధన కావాలి. సాధనకు మిషను కూడా అక్కరలేదు. మీ తమ్ముణ్ణి పెన్సిలు నిటారుగా, కదలకుండా పట్టుకోమనండి. మీరు దాని కింద కాగితాన్ని జరుపుతూ ఒక మెలికల ముగ్గు వేయండి. ముగ్గులో చెయ్యి కదులుతుంది, నేల కదలదు. ఇక్కడ అంతా తలకిందులు! మొదట వంకర టింకరగా వచ్చినా, నాలుగు రోజుల్లో చెయ్యి దారికి వస్తుంది. తరువాత మిషనుకు దారం తీసేసి, పాత సూదితో క్యాలెండరు కాగితం మీద కుట్టి చూడండి. కాగితాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుంటే కుట్లు ఎక్కడ దూరమైనవో, ఎక్కడ దగ్గరైనవో రంధ్రాలే చెబుతాయి.

కావలసిన వస్తువులు ఇవి: అడుగు చదరపు పాత నూలుగుడ్డలు రెండు, నడుమ పెట్టడానికి పాత తువ్వాలు, పిన్నీసులు, అరిగిపోయిన సబ్బుముక్క, 14 లేక 16 నంబరు సూది, గిన్నెలు తోమే రబ్బరు చేతితొడుగులు. కొనవలసింది బహుశా ఒక్కటే: డార్నింగ్ ఫుట్. మీ మిషనుకు సరిపోయేది అడిగి తీసుకోవాలి.

దాని పని తెలుసుకోండి. సూది గుడ్డలోకి దిగి కొంచెం పైకి లేచేటప్పుడు, దారం చిన్న ఉచ్చుగా విడుతుంది. కింది కొక్కెం ఆ ఉచ్చును పట్టుకుంటేనే కుట్టు పడుతుంది. గుడ్డ సూదితోబాటు పైకి లేచిపోతే ఉచ్చు ఏర్పడదు, కుట్టు తప్పిపోతుంది. ఆ క్షణంలో గుడ్డను అదిమి ఉంచేదే డార్నింగ్ ఫుట్. అది సూదికీ మీ వేలికీ మధ్య అడ్డుగా కూడా ఉంటుంది. అది లేకుండా కుట్టవద్దు.

మూడు పొరలనూ ముడతలు లేకుండా పరిచి, మధ్యనుంచి అంచులకు, బెత్తెడేసి దూరంలో పిన్నీసులు పెట్టండి. సబ్బుముక్కతో ముగ్గు గీయండి; ఉతికితే పోతుంది. రబ్బరు తొడుగుల వేళ్ళు కత్తిరించి వేళ్ళకు తొడుక్కుంటే గుడ్డ జారదు. మిషను పలక ఎత్తుకు సరిగా పుస్తకాలు పేర్చి పక్కన పెడితే, బొంత బరువు కిందికి వేలాడి సూదిని లాగదు.

మొదలు పెట్టేముందు సూదిని ఒకసారి దించి, లేపి, కింది దారాన్ని పైకి లాగండి. రెండు దారాలనూ పట్టుకుని మొదటి నాలుగు కుట్లు వేయండి. ముఖ్యమైన సంగతి: ఫుట్‌ను దించే మీటను మరవకూడదు. అది ఎత్తి ఉంటే పై దారానికి బిగువు ఉండదు. గుడ్డ అడుగున దారం పిచ్చుకగూడు కడుతుంది!

పిన్నీసు దగ్గరికి రాగానే మిషను ఆపి దానిని తీయండి. సూది దానికి తగిలితే విరిగి ఎగురుతుంది. వేళ్ళు సూదికి మూడంగుళాల దూరంలో ఉండాలి. చేతులు మార్చుకునేటప్పుడు కాలు ఆగాలి. పెద్దవాళ్ళు పక్కన లేనిదే మిషను ముట్టవద్దు. చిన్నవాళ్ళు ముగ్గు గీయడం, పిన్నీసులు అందుకోవడం చేయవచ్చును.

ఇంకొక మాట. అమ్మమ్మ చీర మీద మొదటిరోజే కుట్టకండి. తప్పు పోతే విప్పవచ్చు గాని, మెత్తబడిన పాత నూలులో సూది చేసిన రంధ్రాలు మిగిలిపోతాయి. చిరుగు అక్కడే మొదలవుతుంది. పనికిరాని గుడ్డలమీద చెయ్యి కుదిరాకనే ఆ చీరను తీయండి. అటువంటి చీర మళ్ళీ దొరకదు.

మిషను పని చేతిపని కాదని కొందరంటారు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని పడూకా పట్టణంలో ఏటా పెద్ద బొంతల పోటీ జరుగుతుంది. 1989లో అక్కడ మొదటిసారిగా మిషనుతో కుట్టిన బొంత అన్నింటికంటె పెద్ద బహుమతి గెలిచింది. కుట్టినామె కారిల్ బ్రయర్ ఫాలర్ట్. ఆమె బొంత మీద చూపినది ఏమిటో తెలుసా? సూర్యగ్రహణం!

ఇక ఒక చిక్కు. దారం తెంపకుండా కుట్టగల ముగ్గును ముందే గుర్తించవచ్చును. గీతలు కలిసే ప్రతి చోటా ఎన్ని గీతలున్నాయో లెక్కపెట్టండి. బేసి సంఖ్య వచ్చే చోట్లు రెండుకు మించితే, గీసిన గీత మీద మళ్ళీ పోకుండా ఒక్క దారంతో అది పూర్తికాదు. చదరం గీసి, లోపల మూలనుంచి మూలకు రెండు గీతలు గీయండి. సాధ్యమేనా? దాని నెత్తిన ఇంటికప్పులాగా త్రికోణం పెడితే? పెన్సిలు ఎత్తకుండా ప్రయత్నించండి. రెండవది ఏ మూలనుంచి మొదలు పెట్టాలో కనిపెట్టినవారు, అదే ముగ్గును తమ మొదటి గుడ్డ మీద కుట్టవచ్చును.