పొదుపరి అనే బిరుదు నాకొద్దు

మా హాల్లో సోఫా కుంగిపోయి రెండేళ్ళయింది. మూడు సీట్లలో టీవీకి ఎదురుగా ఉన్న ఎడమవైపు సీటు మాత్రమే కుంగింది. అక్కడ ఎవరు కూర్చుంటారో మీకు చెప్పనక్కరలేదనుకుంటాను. రిపేరు షాపతను 6,500 రూపాయలు అడిగాడు. "అంత పెట్టడం దేనికి, ఇంట్లో చేసుకుంటే పోతుందిగా!" అన్నారు మావారు. తెలుగులో కర్త లేకపోయినా వాక్యం నడుస్తుంది. ఇంటిపని మాత్రం కర్త లేకుండా నడవదు. ఆ "చేసుకుంటే"కి కర్తని నేనే.

చేశాను. సోఫా తిరగేసి, అడుగు గుడ్డకి కొట్టిన పిన్నులు స్క్రూడ్రైవర్‌తో ఊడబెరికితే అసలు సంగతి తెలిసింది. ముందు పాడైంది స్పాంజి కాదు, దాన్ని మోసే పట్టీలు. అవి సాగిపోతే ఎంత ఖరీదైన స్పాంజి వేసినా వాటితోపాటే దిగిపోతుంది. అటకమీద అమ్మ మంచం తాలూకు నవారు ఉంది. కొసని రెండు మడతలు పెట్టి (లేకపోతే మేకు దగ్గర చిరిగిపోతుంది) చట్రానికి మేకులు కొట్టాను. రెండో కొసని అప్పడాల కర్రకి చుట్టి, కర్రని చట్రానికి ఆనించి కిందికి వంచితే, ఉత్త చేతులతో లాగినప్పుడు రాని బిగువు వచ్చింది. నిలువు పట్టీల్లోంచి అడ్డపట్టీలు ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి. అమ్మ మంచం అల్లేది ఇలాగే. ఆ సీటుకి మాత్రం కొత్తగా 40 డెన్సిటీ ఫోము. అన్నీ కలిపి 1,400 రూపాయలు.

ఇంకా రెండు ఆదివారాలు. అవి నా సెమినార్ పేపరు కోసం అట్టేపెట్టుకున్నవి. పేపరు పూర్తికాలేదు, సెమినార్‌కి వెళ్ళలేదు. మిగిలిన 5,100 రూపాయల గురించి ఇంట్లో అందరికీ తెలుసు. ఆదివారాల గురించి ఎవరూ అడగలేదు.

షాపతనికి డబ్బిచ్చి ఉంటే ఆ పని జాతీయాదాయంలో చేరే రకం. అదే పట్టీ, అదే మేకు నేను కొడితే ఉత్పత్తి కాదు! సొంత ఇంటికి జీతం లేకుండా చేసే సేవలకి ఆ లెక్కల్లో చోటులేదు. మార్లిన్ వేరింగ్ 1988లోనే ఒక పుస్తకం రాసి దీన్ని నిలదీసింది. మన దేశపు 2024 కాల వినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. నిమిషాలైతే రాసుకున్నారు, సంతోషం. వాటికి రూపాయలు కట్టేదెవరు?

మేకులు కొట్టడం నాకు నచ్చలేదని కాదు, చాలా నచ్చింది. నా గొడవంతా ఆ పనికి పెట్టే పేరుతోనే. మగవాడు చేస్తే పనితనం, మనం చేస్తే పొదుపు. పనితనానికి కూలి ఉంటుంది, పొదుపుకి మెచ్చుకోలు ఉంటుంది. ఆడవాళ్ళ పేజీల్లో "తక్కువ ఖర్చుతో ఇంటికి కొత్తందం" అని చిట్కాలు రాసేవాళ్ళు ఫోము ధర రాస్తారు, మేకుల ధర రాస్తారు, మన పూటల ధర మాత్రం ఎప్పుడూ రాయరు. మొన్న మావారి సహోద్యోగి ఒకాయన వచ్చి సీటు నొక్కిచూసి, "అదృష్టవంతులండీ, మంచి పొదుపరి దొరికింది" అన్నాడు, నాతో కాదు, ఆయనతో.

ఇప్పుడా ఎడమవైపు సీట్లో నేనే కూర్చుంటున్నాను. ఆగిపోయిన పేపరు ఒళ్ళో పెట్టుకుని అక్కడే రాస్తున్నాను. ఆయన మధ్య సీట్లో కూర్చుని, మెడ కాస్త పక్కకి తిప్పి టీవీ చూస్తున్నారు.